కొస పట్టినవాడు

పెత్రామాస రేపనగా కాశిబుగ్గ నేతగాళ్ల సందులో పడుగు సాగదీయడమంటే మబ్బుతో పందెం కాయడమే. ఆ కాలపు మబ్బుకు మాట నిలకడ ఎక్కడిది? అయినా వెంకట్రాజం ఒకరి మాట వింటే గదా. పండుగలోపు పడుగు మగ్గం ఎక్కి తీరాలని పట్టుబట్టి, తెలతెలవారుతుండగానే సందు ఈ చివర నుంచి ఆ చివర దాకా తెల్లటి నూలు సాగదీయించాడు. నడుమెత్తున వెదురు బద్దల మీద పోగులన్నీ బారులు తీరాయి. నలుగురు మగవాళ్లు గంజి కుంచెలతో వాటిని దువ్వుకుంటూ అటూ ఇటూ నడుస్తున్నారు. నేలబారున పొగమంచు పట్టి ఉంది. వాళ్ల కాళ్లు కనబడటం లేదు, నడుముల నుంచి పైభాగం మాత్రమే నెమ్మదిగా తేలుతూ పోతోంది.

నేత తెలియనివాళ్లకు ఇక్కడొక ముక్క చెప్పాలి, లేకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. పడుగంటే బట్టలో నిలువుగా నడిచే పోగుల బారు. దాని రెండు కొసలనూ గుంజలకు తాళ్లతో బిగించి కడతారు. ఎండాకాలం గుంజ కదలదు. వానలు పడ్డాక నేల మెత్తబడి గుంజ ఒరుగుతుంది, తాడు సడలుతుంది, తడి పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని తెగి ఊరుకుంటాయి. చేసిన కష్టం గంగపాలు. అందుకని వానాకాలంలో ఒక కొసకు గుంజతో పాటు మనిషి కూడా కూర్చోవాలి, తాడు నడుముకు చుట్టుకుని, మడమలు నేలకు తన్నిపెట్టి. పడుగు ఆరాక అవతలి కొస నుంచి చుట్టుకుంటూ వస్తారు. ఆ చుట్ట తన ఒళ్లోకి వచ్చేదాకా కొస పట్టినవాడు లేవకూడదు. వాన రానీ, పిడుగు పడనీ, ఇంట్లో పాలు పొంగిపోనీ. అందరూ లేచి పోయాక, "ఇగ ఇడువు" అని చుట్టినవాడు చెప్పినప్పుడే వదలాలి. ఆ సందులో పిల్లలకు ఓనమాల కంటే ముందు నేర్పేది ఇదే.

ఆ రోజు కొస పట్టుకుని కూర్చున్నది రాజక్క. వెంకట్రాజం భార్య. అరవైకి దగ్గర పడ్డ మనిషి. పేరు రాజమ్మే గాని సందుకంతా రాజక్క. ఆమె నోరు తెరిస్తే వీధి కుక్క కూడా దారి మార్చుకుంటుందని వెంకట్రాజం అంటుంటాడు, ఆమె దగ్గర లేనప్పుడు. కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది. ఒక్క విషయంలో మాత్రం పోదు.

ఆ ఒక్క విషయాన్నే వెంకట్రాజం ఆ పొద్దున కెలికాడు. కుంచెతో ఆమె కొస దాకా దువ్వుకుంటూ వచ్చి, వంగి, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"ఏమే, రేపు అయ్యగారికి బియ్యమిచ్చేటప్పుడు పేర్లు చెప్పాలె గద. మీ నాయిన పేరు, మీ అవ్వ పేరు, తాత పేరు. ఈయేడన్న ఇంకో పేరు చెప్పుమంటవా?"

"గంజి ఆరిపోతాంది. కుంచె నడువనియ్యి," అంది రాజక్క.

"గట్ల కాదే. ఇరవై ఏండ్లు దాటిపాయె. వాని పేరు మీద పిడికెడు బియ్యం పడలే. వాని పానం ఏడ తిరుగుతాందో..."

"వాని పానం వాని దగ్గర్నే ఉన్నది. నువ్వు నడువు."

వెంకట్రాజం నడిచాడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని ఆయనకు తెలుసు. ఇల్లరికం వచ్చిన అల్లుడు గనుక అత్తింటి పెద్దలందరికీ ఆయనే బియ్యమిస్తాడు. పెత్రామాస అంటే చచ్చిపోయినవాళ్ల పండుగ. ఆ రోజు పేరు పలికితే మనిషి పోయినట్టు ఒప్పుకున్నట్టే. రాజక్క ఒప్పుకోలేదు. ఒక్క ఏడూ ఒప్పుకోలేదు.

ఆ పేరు కొమురెల్లి. రాజక్క తమ్ముడు. తల్లి పోయినప్పుడు వాడు ఇంకా అడుగులు నేర్చుకుంటున్నాడు. అప్పటి నుంచి రాజక్క చంకలోనే పెరిగాడు. సోలాపూర్ మిల్లుకని పోయి, మిల్లులో నిలవక, అక్కడి రాత్రిబడిలో నాలుగు ముక్కలు నేర్చి, ఎవరికీ చెప్పకుండా విమానాల నౌకరిలో చేరిపోయాడు. సంగతి తెలిసి సందంతా ముక్కు మీద వేలేసుకుంది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట అని కొందరు నవ్వారు. వాళ్లే, వాడు సెలవు మీద వచ్చినప్పుడు అరుగు మీద వాడి చుట్టూ చేరి నోళ్లు తెరుచుకుని విన్నారు.

"యుద్ధం నాటి పాత బాంబర్లక్కా," అని చెప్పేవాడు కొమురెల్లి. "ఇప్పుడు బాంబులు లేవు, ఏం లేవు. సముద్రం మీద తిరిగి చూసి వచ్చుడే. విమానం ముక్కుల నా జాగ. బోర్ల పండుకుంట. కండ్ల ముందల అద్దం, కడుపు కింద అద్దం. నెత్తి మీద తుపాకుల డబ్బల మత్తాయి అని మలయాళపోడు కూసుంటడు, వాని బూట్ల చప్పుడు నా చెవులల్లనే. నాకంటె ముందల విమానంల ఇంకెవ్వరుండరు. తెల్లారుడు అందరికంటె ముందుగాల నేనే చూస్త."

"పడిపోతేరా?" అని అడిగింది రాజక్క. ఆమెకు మిగతాదేదీ చెవికెక్కలేదు.

"పడుడేంది. తలుపున్నది గద, దుంకుడే," అని నవ్వాడు.

ఆ తలుపు మీదనే ఆమె ఇన్నేళ్లూ బతికింది. సముద్రం మీద విమానానికి మంటలంటుకున్నాయని, కొందరు దూకారని, పడవలు కొందరిని ఎత్తుకొచ్చాయని, కొమురెల్లి దొరకలేదని కబురొచ్చింది. దొరకలేదన్నారు. పోయాడని కళ్లతో చూసినవాడు ఒక్కడూ రాలేదు. వచ్చినవాడు మత్తాయి ఒక్కడే.

ఆయన ఎలా వచ్చాడో రాజక్కకు నిన్నమొన్న లాగా గుర్తుంది. దవాఖాన నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడ మీద కాలిన చర్మం ఇంకా ఎర్రగానే ఉంది. అరుగు మీద కూర్చోలేదు, గడప దగ్గర నిలబడ్డాడు. తెలుగు రాదు. హిందీ రెండు మూడు మాటలు వచ్చేమో, అవి కూడా గొంతులోనే ఆగిపోయాయి. "కొమురెల్లి," అన్నాడు. తర్వాత ఆమె వైపు వీపు తిప్పి, రెండు చేతులూ వీపు వెనక్కు పెట్టుకుని, అరచేతులు దగ్గరికి చేర్చి, మెల్లగా విడదీశాడు. "దర్వాజా," అన్నాడు. మళ్లీ అలాగే చేతులు చేర్చి విడదీశాడు. "కొమురెల్లి. దర్వాజా." ఇటు తిరిగి ఆమె కాళ్ల మీద పడి ఏడ్చాడు.

రాజక్కకు అంతే చాలు. తలుపు తీసుకున్నాడు నా తమ్ముడు, దూకేశాడు, ఏ తీరానో ఏ దీవిలోనో ఉన్నాడు. "తర్వాత ఏమైందో అడుగుతనే," అని వెంకట్రాజం ముందుకు వస్తే, చెయ్యి పట్టి వెనక్కు లాగింది. అడిగితే ఏం చెబుతాడో అని ఆమెకు భయం. ఆ భయం అంతటితో పోలేదు, ఇన్నేళ్లూ అలాగే ఉండిపోయింది. మత్తాయికి అన్నం పెట్టింది. ఆయన తినలేకపోయాడు. మళ్లీ ఎన్నడూ రాలేదు.

పొద్దు పొడవబోతోంది. పొగమంచు పలచబడుతోంది. రాజక్క తాడుకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆ తాడు పట్టుకుంటే ఆమెకు ఎప్పుడూ ఒకటే జ్ఞాపకం. కొమురెల్లి బక్కపలచని పిల్లవాడుగా ఉన్నప్పుడు, ఒక వానాకాలం పొద్దున, మొదటిసారి వాడికి కొస అప్పజెప్పారు. నడుమ వడగళ్లు మొదలైనాయి. పెద్దవాళ్లు పరుగులు పెట్టి పడుగు చుట్టసాగారు. ఎవరో భయపడి "ఉరుకుండ్రి" అని కేక వేస్తే పిల్లలంతా ఇళ్లలోకి దూరారు. వీడు కదల్లేదు. అందరికంటే ఆఖరున ఇల్లు చేరినప్పుడు పెదవులు నల్లబడి ఉన్నాయి, నడుము చుట్టూ తాడు ఒరుసుకుని చర్మం లేచిపోయింది. నూనె రాస్తూ రాజక్క నోటికొచ్చినట్టు తిట్టింది. "ఇడిసిపెట్టి ఉరుకరాదురా, పడుగు పోతే పాయె." వాడు వణుకుతూనే జవాబు చెప్పాడు. "చుట్ట నా దాక రాలేదక్కా."

అప్పుడే లారీ చప్పుడైంది.

పెద్దబాట మీద మోరీ తవ్వి పెట్టారు. దారి తెలియని లారీ ఒకటి వెనక్కు తిరగాలని, సందులోకి వెనకనుంచి వస్తోంది. సందులో పడుగు ఉందని డ్రైవరుకేం తెలుసు? లారీ వెనక చెక్క దించి ఉంది. దాని మీది నుంచి ఏదో పెద్ద వెండిరంగు వస్తువు బయటికి పొడుచుకుని, మంచులోంచి ముందు అదే వచ్చింది. కుంచెల మగవాళ్లు కేకలు వేశారు. అరుగుల మీదివాళ్లు లేచి పరుగెత్తారు. ఆ వస్తువు నేరుగా రాజక్క మీదికే వస్తోంది. లేస్తే పడుగు పోతుంది, లేవకపోతే తల పోతుంది. రాజక్క లేవలేదు. తల వంచుకుని, మడమలు ఇంకా గట్టిగా నేలకు తన్నిపెట్టింది.

లారీ ఆగింది. ఇంజను ఒకసారి దగ్గి చల్లబడిపోయింది. రాజక్క తల ఎత్తి చూస్తే, నెత్తి మీద అద్దం ఉంది. అద్దంలో మబ్బు ఉంది.

డ్రైవరు దిగి తిట్లు తిన్నాడు. తినాల్సినన్ని తిని, బండి మళ్లీ ఎత్తుకోవడం లేదని, జర నలుగురు నెట్టాలని చేతులు జోడించాడు.

"నెట్టుతం గని ఇప్పుడు కాదు," అన్నాడు వెంకట్రాజం కుంచె దించకుండానే. "పడుగు ఆరాలె, చుట్టాలె. అప్పటిదాక ఈడ ఎవ్వరు చెయ్యి ఇడువరు. ఫికర్ జెయ్యకు, చాయ్ తాగు."

లారీలో ఇంకొకాయన ఉన్నాడు. నెరిసిన మీసాలు, ఇస్త్రీ చొక్కా. పేరు సత్యనారాయణ అని, తమది గోదావరి వైపు అని, ఒకప్పుడు విమానాల రిపేరు పనిలో ఉండేవాడినని తనే చెప్పుకున్నాడు. నేరుగా రాజక్క దగ్గరికి వచ్చాడు.

"దెబ్బేమీ తగల్లేదు కదమ్మా? కాలేజీ పిల్లలకు చూపించడానికని దక్షిణానికి తీసుకెళ్తున్నామండి. యుద్ధం నాటి పాత బాంబరు. మిగతాదంతా కరిగించేశారు. ముక్కు ఒక్కటే మిగిలింది."

రాజక్క మెడ ఎత్తి ఆయన్ను చూసింది. తర్వాత తన నెత్తి మీద ఆగి ఉన్నదాన్ని చూసింది.

"ముక్కంటే," అంది నెమ్మదిగా, "బోర్ల పండుకునే జాగనా?"

"మీకెలా తెలుసమ్మా?"

రాజక్క కోడలు శారదను కేకేసింది. శారద చేతులు తుడుచుకుంటూ వచ్చి, అత్త పక్కనే కూర్చుని, తాడు తన నడుముకు చుట్టుకుంది. "మళ్ల నేనే పట్టుకుంట. అప్పటిదాక కదలకు," అని చెప్పి రాజక్క లేచింది. తాడు మారినప్పుడు పోగు ఒక్కటి కూడా వణకలేదు.

"ఎక్కకూడదమ్మా, నన్ను నమ్మి అప్పజెప్పారు," అన్నాడు సత్యనారాయణ, ఆమె చూపు గమనించి.

"నా తమ్ముడు గిండ్లనే పండుకునేటోడు," అంది రాజక్క. "విమానం అంటుకొని సముద్రంల పడ్డది. తలుపు తీసుకొని దుంకిండని చెప్పిండ్రు. ఆ తలుపు నాకొకపారి చూపియ్యి తమ్మీ. ఇంకేమద్దు."

సత్యనారాయణ మీసం తడుముకున్నాడు. లారీ మీదికి తనే ముందెక్కి, ఆమెకు చెయ్యి అందించాడు. కుంచె పట్టుకున్న వెంకట్రాజం దూరం నుంచి చూస్తున్నాడు. వద్దనాలని ఉంది. వద్దంటే వినే మనిషా?

ముక్కును విమానం నుంచి కోసిన చోట పెద్ద రంధ్రం ఉంది. అందులోంచి వంగి లోపలికి పోవాలి. లోపల పాత నూనె వాసన, పాత రేకు వాసన. నాలుగడుగులు పోయాక నేల లేదు. కింద పొడుగాటి ఖాళీ.

"ముందు చక్రం మడుచుకుని ఇక్కడికొస్తుందండి. దాని తలుపులు కిందికి తెరుచుకుంటాయి. ముక్కులో ఉన్నవాళ్లకు బయటికి దారి ఇదే. ఇక్కడికి పాక్కుంటూ వచ్చి, కాళ్లు వదిలేసి, జారిపోవడమే."

రాజక్క ఆ ఖాళీ అంచు మీద కూర్చుంది. రెండు చేతులతో దాని వెడల్పు కొలిచింది. తన నడుము కొలిచింది. తను పట్టేటంత ఉంది. తనే పడితే, సన్నగా సొరకాయ తీగలా ఉండే కొమురెల్లి ఎందుకు పట్టడు? ఉన్నది, దారి నిజంగా ఉన్నది. ఇరవై ఏళ్లు అందరితో కొట్లాడింది వట్టిపుణ్యానికి కాదు. కిందికి చూస్తే లారీ చెక్కలు కనబడ్డాయి గాని, ఆమెకు నీలంగా నీళ్లే కనబడ్డాయి.

"వాని జాగ యాడ?"

ఖాళీ పక్కనుంచి సన్నటి దారి. పాక్కుంటూ పోవాలి. మోకాళ్లు రేకుకు తగిలి చప్పుడవుతుంటే, చీర కుచ్చిళ్లు పళ్ల మధ్య పట్టుకుని రాజక్క పాకింది. అవతల చిన్న గది. గది కూడా కాదు, ఒక మనిషి పడుకునేటంత చోటు. ముందంతా అద్దాలు, సన్నటి రేకు బద్దల నడుమ. పక్కలవి వంపు తిరిగి పసుపెక్కాయి. నడుమ ఒక్కటే పెద్దది, వంపు లేకుండా, ఏటవాలుగా కిందికి చూస్తూ ఉంది.

"వంపు అద్దంలోంచి చూస్తే కింది వస్తువు పక్కకు జరిగినట్టు కనబడుతుందండి. గురి చూసేవాడికి ఉన్నది ఉన్నట్టు కనబడాలి. అందుకని ఆ ఒక్కటీ చదునుగా పెట్టారు," అన్నాడు సత్యనారాయణ వెనక నుంచి.

రాజక్క బోర్లా పడుకుంది. గడ్డం కింద చేతులు పెట్టుకుంది. చదును అద్దంలోంచి కిందికి చూసింది.

సందు లేదు. అరుగులు లేవు, మోరీ లేదు, లారీ కూడా లేదు. తన కింద తెల్లటి పడుగు ఒక్కటే ఎక్కడికో సాగిపోతోంది. తడి పోగుల మీద గాలి చిన్నగా కదిలితే ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒక అల వచ్చి, ఆమె కిందినుంచి పోయింది. ఇంకొకటి వచ్చింది. కుంచెలవాళ్లు చప్పుడు లేకుండా నడుస్తున్నారు. వాళ్లలో ఒకడు తన మొగుడని ఆమెకు తోచలేదు. అలలు ఆగి పడుగే నిలబడిపోయి, తనే ముందుకు పోతున్నట్టయింది. ఒళ్లు బరువు పోయింది. అరవై ఏళ్ల మోకాళ్లు, చేతుల కాయలు, నోట్లోని కోపం అన్నీ వెనక ఎక్కడో ఉండిపోయాయి. ఇంతలో మబ్బు అంచు నుంచి పొద్దు తొంగిచూసింది. మొదటి వెలుగు తడి నూలు మీద పడి, అక్కడి నుంచి లేచి, అద్దంలోంచి ఆమె ముఖానికి తగిలింది. సందులో ఇంకెవరి మీదా అప్పటికి ఎండ పడలేదు.

తెల్లారుడు అందరికంటె ముందుగాల నేనే చూస్త.

"చూసినరా తమ్మీ," అని గొణిగింది రాజక్క. ఆమె కళ్ల నుంచి నీళ్లు అద్దం మీద పడ్డాయి. కొంగుతో తుడిచింది. వాడు కూడా ఈ అద్దాన్ని ఇలాగే తుడుచుకునేవాడేమో. ఎంతసేపు అలా పడుకుందో తెలియదు. సత్యనారాయణ తొందరపెట్టలేదు.

లేవబోతూ ఆమె ఆగింది. మనసులో ఒక పోగు ఎక్కడో తట్టుకుంది.

"తమ్మీ, ఆ బయటికి పోయే తలుపు నేలకున్నది గద?"

"అవునమ్మా, కిందికే."

"మరి మత్తాయి చేతులు వీపు వెనుకకు ఎందుకు పెట్టిండు?"

ఆయనకు అర్థం కాలేదు. రాజక్క అటు తిరిగి కూర్చుని, మత్తాయి చేసి చూపినట్టే రెండు చేతులు వీపు వెనక్కు పెట్టి, అరచేతులు చేర్చి, విడదీసింది. ఇరవై ఏళ్లుగా ఎవరూ లేనప్పుడు ఎన్నిసార్లు అలా చేసుకుందో ఆమెకే లెక్క లేదు.

సత్యనారాయణ ముఖం మారింది. "మత్తాయి అంటే ఎవరమ్మా? గన్నరా?"

"తుపాకుల డబ్బల కూసునేటోడు. నా తమ్ముని నెత్తి మీద."

ఆయన పైకి చూపించాడు. పడుకునే చోటుకు కాస్త పైన గాజు బుడ్డీ లాంటి గది ఇంకొకటి ఉంది. తుపాకులు తీసేసిన రెండు రంధ్రాల్లోంచి గాలి వస్తోంది. లోపల ఒక చిన్న సీటు. సీటు వెనక, వీపు ఆనే చోట, చిన్న రేకు తలుపులు రెండు.

"కూసుంట," అంది రాజక్క.

"ఇరుకమ్మా. మీరు..."

"కూసుంట తమ్మీ. ఆ తలుపులు దగ్గరికెయ్యి."

అతి కష్టం మీద కూర్చుంది. మోకాళ్లు రొమ్ముకు తగిలాయి. వెనక తలుపులు మూసుకున్న చప్పుడైంది. చుట్టూ అద్దమే, చుట్టూ వెలుగే, కదలడానికి మాత్రం చోటు లేదు. తలుపు తీయబోయింది. చేతులు వీపు వెనక్కు పెట్టింది. వేళ్లు రేకుకు తగిలాయి గాని, పట్టుకోవడానికి ఏమీ అందలేదు. ఇంకొంచెం వంగబోతే ముందు ఇనుము అడ్డం వచ్చింది.

సత్యనారాయణ గొంతు బయటి నుంచి, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు వినబడింది. "ఈ గది అటూ ఇటూ తిరుగుతుందండి. పక్కకు తిరిగి ఉన్నప్పుడు కరెంటు పోతే ఇక తలుపుకు దారే ఉండదు. పారాషూట్ కూడా లోపల పట్టదు, బయట కొక్కేనికి తగిలించి ఉంటుంది. కింద పడుకున్నవాడే లేచి, చేత్తో గదిని తిన్నగా తిప్పి, తలుపులు తీసి, ఇతన్ని దించాలి. లోపలివాడు తనంతట తాను రావడం చాలా కష్టమమ్మా."

తర్వాత వెనక తలుపులు విడివడ్డాయి. రెండు చేతులు వాటిని అటొకటి ఇటొకటి లాగాయి. మత్తాయి చూపించినట్టే, మెల్లగా, అచ్చం అలాగే. వీపు మీద చల్లటి గాలి తగిలింది. ఆమె భుజాన్ని ఒక చెయ్యి పట్టుకుంది. వెనక్కు తిరిగి చూడాలంటే రాజక్కకు ధైర్యం చాల్లేదు. తిరగనంతసేపూ ఆ చెయ్యి కొమురెల్లిదే.

తిరిగింది. సత్యనారాయణ.

మత్తాయి చూపించింది తన తలుపు. కొమురెల్లి దూకే తలుపు కాదు. నా వీపు వెనక తలుపు కొమురెల్లి తీశాడమ్మా అని చెప్పడానికి, కాలిన మెడతో అంత దూరం వచ్చాడు. ఆమె ఆయనకు అన్నం పెట్టి, ఒక్క మాట అడగకుండా పంపించింది.

"దించినోడు ఎప్పుడు పోతడు తమ్మీ?" అని అడిగింది.

సత్యనారాయణ తల వంచుకున్నాడు. "ఆ సన్నటి దారిలో ఇద్దరు ఒకేసారి పట్టరమ్మా. గది నుంచి దిగినవాడికి పారాషూట్ తగిలించి, ముందు అతన్ని పంపాలి. తీసినవాడు ఆ వెనక."

"ఆఖరుకా?"

"ఆఖరుకేనమ్మా. ఒక్కోసారి టైముంటుంది. ఒక్కోసారి ఉండదు."

రాజక్క వీపు వెనక తెరిచిన తలుపు రేకును తడిమింది. దారి ఉంది. వాడికి దారి అందరికంటే దగ్గర. పాక్కుంటూ పోయి కాళ్లు వదిలితే చాలు, ఈపాటికి అరుగు మీద కూర్చుని మనవలకు విమానం కథలు చెబుతుండేవాడు. పోయేవాడా? నెత్తి మీద బూట్ల చప్పుడు వినబడుతుంటే వాడు వదిలి పోయేవాడా? ఈ ప్రశ్నకు జవాబు మత్తాయి చెప్పనక్కర లేదు, సత్యనారాయణ చెప్పనక్కర లేదు. వాడి నడుము మీది తాడు గాయానికి నూనె రాసిన చేతులివి. వాణ్ని పెంచింది తను. కొస పట్టుకోవడం నేర్పింది ఈ సందు. ఆ నేర్పిన చదువు మీద ఒక క్షణం ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంట వెంటనే ఏడుపైంది. ఆ గాజు గదిలో మోకాళ్ల మీద తల పెట్టుకుని, గొంతు దాచుకోకుండా ఏడ్చింది.

కింద సందులో కుంచెలు ఆగాయి. వెంకట్రాజం తల ఎత్తి చూశాడు గాని పడుగు వదిలి రాలేదు. రాకూడదని ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

ఎండ కాస్త గట్టిపడేసరికి పడుగు ఆరింది. రాజక్క దిగి వచ్చింది. మోకాళ్ల మీద నల్లటి మసి, చీర చెంగు చినిగింది. దేన్నీ దులుపుకోలేదు. శారద దగ్గర తాడు అందుకుని, తన నడుముకు చుట్టుకుని, తన చోట కూర్చుంది. సత్యనారాయణ లారీ పక్కన నిలబడిపోయాడు. ఆయన చేతిలో చాయ్ చల్లారిపోతోంది.

అవతలి కొస నుంచి వెంకట్రాజం చుట్టడం మొదలుపెట్టాడు. సగం చుట్టేసరికి మబ్బు మళ్లీ కమ్మింది, రెండు చినుకులు పడ్డాయి. చూసుకోండి, పందెం కాసిన మనిషి ముఖం ఎలా అయిందో. బద్దలు తీసేవాళ్లు తీస్తున్నారు, పరుగెత్తేవాళ్లు అరుగుల మీదికి పరుగెత్తుతున్నారు. పొడుగాటి పడుగు పొట్టిదవుతూ, పొట్టిదవుతూ రాజక్క వైపు వస్తోంది. చినుకులు ఆమె చుట్టూ పడుతున్నాయి. పైన ఆ ముక్కు అద్దం మీద కూడా పడుతున్నాయి. ఆమె కదల్లేదు.

చుట్ట వచ్చి ఆమె ఒళ్లో ఆగింది. ఆఖరి మూర ఆ ముక్కు చాటున పొడి పొడిగా, ఒక్క పోగు తెగకుండా.

"ఇగ ఇడువు," అన్నాడు వెంకట్రాజం ఆయాసపడుతూ.

రాజక్క వదల్లేదు. తాడు రెండు చేతులతో గుండెకు పట్టుకుని మొగుడి ముఖంలోకి చూసింది. పొద్దున గుసగుసగా అడిగిన మనిషి ఆమె కళ్లు చూసి, ఆ వానలోనే ఎదురుగా చతికిలబడ్డాడు.

"రేపు పేర్లు చెప్పేటప్పుడు," అంది రాజక్క, "కొమురెల్లి పేరు సుత చెప్పు."

ఇన్నేళ్లు వెంకట్రాజం అడిగిందే, అయినా ఆయనకు వినలేనట్టయింది. ఏదో ఒకటి అనాలి గనుక, చేయాల్సిన పని గురించి అడిగాడు.

"ఏడ చెప్పాలె? మీ నాయిన తర్వాతనా? అవ్వ తర్వాతనా?"

"అందరికంటె ఆఖరుకు చెప్పు," అంది రాజక్క. "వాడు కొస పట్టినోడు."

తాడు వదిలింది. వెంకట్రాజం చుట్టను భుజానికెత్తుకుని లోపల పెట్టి వచ్చాడు. తర్వాత మగవాళ్లంతా లారీ నెట్టడానికి పోయారు.